మగ్గం మీది గుడ్డ

నా చిన్నప్పుడు నా పోరు పడలేక మా తాతయ్య చెవులకు తువ్వాల చుట్టుకుని మగ్గం నేసేవాడు. మాది దుబ్బాకలో నేత ఇల్లు. పక్కింటి మామ అప్పు చేసి జకార్డు మిషను తెచ్చాడు. మగ్గం నెత్తిన బిగిస్తే చీర అంచు మీద నెమళ్లు, పూలు నేయొచ్చట. వాడకట్టంతా దాని ముచ్చట్లే. మనమూ అప్పు చేసి తెద్దామని నాది ఒకటే గోల.

ఓ పొద్దున తాతయ్య నేత ఆపాడు. "అప్పంటే నాకేం భయం లేదు బిడ్డా. నువ్వు వోయి, గాళ్ల మగ్గం మీద ఏం గుడ్డ ఉన్నదో జూసి రా. మిషను గాదు, గుడ్డ జూడు," అన్నాడు.

విసుక్కుంటూ వెళ్లాను. మిషను నిగనిగలాడుతోంది, పసుపు కుంకుమ కూడా పెట్టారు. దాని కింద మామ నేస్తున్నది మాత్రం పువ్వు లేని తెల్ల తువ్వాల. పని నేర్వకముందే, కొనేవాళ్లను చూసుకోకముందే మిషను తెచ్చి, ఇప్పుడు కిస్తీ కోసం తువ్వాలలు నేస్తున్నాడు. నన్ను చూసి నవ్వబోయి తల దించుకున్నాడు.

తాతయ్య అక్కడితో వదల్లేదు. వెనక వీధి అక్క ఇంటికీ పంపాడు. ఆమెదీ అప్పే, అదే మిషను. కానీ ముందు ఏడాదిపాటు వేరేవాళ్ల మగ్గం మీద పని నేర్చుకుంది. ఆమె మగ్గం మీద సగం నేసిన నెమళ్ల చీర ఉంది. ఆ చీర కావాలని అడిగినవాళ్లు గడపలో కూర్చుని ఉన్నారు. ఇంటికొచ్చాక "మరి మనమేం జేద్దాం?" అని తాతయ్య అడిగితే, ముందు పని నేర్చుకుందామన్నాను.

ఇప్పుడు సిద్దిపేటలో మా ఇంట్లో నెల రోజులుగా అదే గోల. మనవరాలికి ఏదో ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. చదువు లోనుకు నా పేరున ఉన్న ఎకరం తనఖా పెట్టాలట. కాలేజీ ఎలాంటిదని అడిగితే కొడుకు ఏసీ బస్సుల గురించి చెప్తాడు, కోడలు హాస్టల్ గదుల గురించి చెప్తుంది. అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లలేం చేస్తున్నారురా అంటే ఇద్దరూ ఫోన్లలో తల దూరుస్తారు.

"అందరు తీస్కుంటున్నరమ్మా లోను. నువ్వే గిట్ల అడ్డం వడ్తున్నవ్," అంటాడు కొడుకు.

చదువుకు నేను అడ్డమా! నా ప్రాణం విసిగిపోయింది. నిజమైన చదువైతే ఎకరమేం ఖర్మ, ఉన్న ఇల్లు కూడా రాసిస్తాను. గుడ్డ చూపించమంటున్నాను, అంతే.

నిన్న కాగితాలు ముందు పెట్టి, పెన్ను నా చేతికిచ్చారు. నేను మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆనాడు మామ నేసిన తువ్వాల సంగతి చెప్పాను.  పిల్ల నా చేతిలోని పెన్ను తీసుకుని మూత పెట్టింది.

"నానమ్మా, రేపు పొద్దుగాల బస్సుకు పోదాం. గా కాలేజీల చదివినోళ్లను నేనే అడుగుత," అంది.

తాతయ్య మాట సరే, ఆ రోజు మామ దించుకున్న తల ఇన్నేళ్లయినా నా కళ్ల ముందు నుంచి పోలేదు. నా పిల్ల తల అలా వంగితే నేను చూడలేను. ఆమాత్రం అడగకూడదా?