నీడలో ఆరిన మునగాకు

ఇవాళ రాయదుర్గం ఆఫీసులో మేనేజర్‌కి ఫోన్లోనే ఘాటుగా ఒక మెయిల్ కొట్టి, పంపబోతుంటే పక్క సీట్లో అమ్మాయి డబ్బా మూత తీసింది. మునగాకు పప్పు. ఆ వాసనకి నా వేలు ఆగింది.

తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల వెనక మా మేనత్తకు చేపల గుంట ఉంది. అప్పట్లో పాత ఉద్యోగాన్ని కోపంలో వదిలేసి, ఎవరికీ మొహం చూపించలేక ఆమె దగ్గరికే వెళ్లాను. అత్త కారణం అడగలేదు. ఒక మునగ కొమ్మ నా ఒళ్లో పడేసి, "ఇగ ఆకు దూయ్," అంది. చుట్టూ బిల్డింగులు లేస్తుంటే మామకు ఆ గుంట ఊరికే పడున్న జాగాలా కనిపించేది. "ఈసారి చేప ఎదగకుంటే పూడ్చుడే. ప్లాట్లకిస్త," అని తేల్చేశాడు. అత్తకేమో ఆ గుంటంటే ప్రాణం. మేతలో మునగాకు పొడి కలిపితే చేప బాగా ఎదుగుతుందని ఎక్కడో విని, మంచిదేగా అని దోసిళ్లతో కలిపింది. తవుడు, పల్లిచెక్క, ఆకుపొడి కలిపిన ముద్దను బుట్టలో పెట్టి నీళ్లలోకి దించితే, సాయంత్రానికి ముద్ద ముద్దలాగే పైకొచ్చింది. చేదుకి ఒక్క చేపా ముట్టలేదు. నాకు ఒళ్లు మండి, ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాను.

"కొంచెమే కలపాలంట అత్తా! ఆకు ముందు నానబెట్టాలె, చేదు పోతది. ఏందిది?"

"నువ్వు జర తగ్గు బిడ్డా, నేను ఆకు తగ్గిస్త."

నానబెట్టిన ఆకును తొందరగా ఆరుతుందని నేను ఎండలో పరిస్తే, అత్త మొత్తం ఎత్తి వరండా నీడలోకి మార్చింది. "ఎండల జల్ది ఆరుతది గని, సత్తువంత గుంజుకుంటది. నీడల పెట్టు. ఆ ఫోన్ గూడ బోర్లెయ్యి." విసుక్కుంటూనే రోజూ అక్కడ కూర్చుని ఆకు తిరగేశాను. మెల్లగా బుట్ట ఖాళీగా పైకి రావడం మొదలైంది. వల లాగిన రోజు మామ ఒక బొచ్చె చేపను రెండు చేతులా ఎత్తి, దాన్ని వదలబుద్ధికాక అట్లాగే నిలబడ్డాడు.

"ఏం పెట్టినవే దీనికి?"

"మునగాకు. దాని పైకెల్లి నీ మేనకోడలి తిట్లు," అంది అత్త.

ప్లాట్ల మాట మళ్లీ మామ నోట వినలేదు. ఆ ఇంట్లో నాకెవరూ బుద్ధి చెప్పలేదు. తినడానికింత అన్నం, దూయడానికింత ఆకు పెట్టారు. ఆ రోజుల్లో నాకు కావలసింది సరిగ్గా అంతేనని ఇప్పుడు తెలుస్తోంది.

మెయిల్ పంపకుండా ఫోన్ బోర్లా పెట్టేశాను. రేపు చూద్దాం. కాలం కూడా అత్త వరండాలోని నీడలాంటిదే: తడి తీసుకుపోతుంది, సత్తువ మనకే ఉంచుతుంది.