అక్క ఆట నేర్చుకున్న ఏడాది

మొన్న పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లోని మా ఇంటి వసారాలో కూర్చుని తమ్ముడి కూతురు ఫోన్‌లో ఏదో వింటూ ఉంటే, బడి పాఠమేమో అనుకుని నేనూ చెవి ఒగ్గాను. తీరా చూస్తే అది కంప్యూటర్ ఆట నేర్పే పాఠం. ఎవరో కుర్రవాడు శుభ్రమైన తెలుగులో, అవతలివాడు ఎటు నుంచి వస్తాడో ముందే ఎలా పసిగట్టాలో, బలం తక్కువగా ఉన్నప్పుడు ఎందుకు వెనక్కి తగ్గాలో, ఓడిపోయిన ఆటను మళ్లీ చూసుకుని తప్పు ఎక్కడ జరిగిందో ఎలా పట్టుకోవాలో ఓపికగా చెబుతున్నాడు. ఈనాటి పిల్లలకు ఇందులో వింతేమీ లేదు. ఇలాంటి నాలుగు మాటలు చెప్పే పుస్తకం కోసం ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన రోజులు కూడా ఉండేవని మా ఈడువాళ్లకే తెలుసు. ఎదురుచూసింది నేనైనా, ఆడింది మాత్రం మా అక్క.

సునామీ నాటికి నేను ఇదే ఊళ్లో అబర్డీన్ బజార్‌లో ఒక మేడ మీది కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. అక్కా బావా కార్ నికోబార్ దీవిలో ఉండేవారు, బావది అక్కడ ప్రభుత్వ ఉద్యోగం. ఆ ఉదయం నీళ్లు వచ్చిపోయాక అక్క ఎత్తున ఉన్న అడవిలో, ఎవరెవరితోనో కలిసి కనిపించింది గాని బావ కనిపించలేదు. విమానంలో పోర్ట్ బ్లెయిర్‌కి తీసుకొచ్చినప్పుడు ఆమె ఒంటి మీది చీర కూడా ఆమెది కాదు. తర్వాత నెలల తరబడి మా ఇంట్లో గోడ వైపు తిరిగి కూర్చునేది. చర్చి నుంచి ఆడవాళ్లు వచ్చి ప్రార్థన చేసి, చేయి పట్టుకుని ఏడ్చి వెళ్లేవారు. అక్క వాళ్ల ముఖాల వైపైనా చూసేది కాదు. ఆ రోజుల్లో భూమి ఊరికే ఊరికే కదిలేది, గుర్తుందా? గిన్నెలు కొంచెం గలగలమంటే చాలు, అక్క కేక పెట్టి, చెప్పులైనా లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తేది. బావ పోయినందుకు ఆమెకు ఉత్తరాన, బస్సులో పగలంతా పట్టే మాయాబందర్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ ఏడాదిలోగా ఒప్పుకోకపోతే అదీ పోతుందన్నారు. ఎన్నిసార్లు అడిగినా ఆమె నోటి నుంచి అవునని గాని కాదని గాని రాలేదు.

మా వారు ఓడ మీద పనిచేసేవారు, నెలలో ఎక్కువ రోజులు ఇంట ఉండరు. అక్కను ఒంటరిగా వదల్లేక సెంటర్‌కి వెంట తీసుకెళ్లి కిటికీ పక్కన కూర్చోబెట్టేదాన్ని. సాయంత్రం తరగతులు అయ్యాక కాలేజీ పిల్లలు వచ్చి, ఒకరితో ఒకరు పందెంగా కంప్యూటర్లో రాజ్యాల ఆట ఆడేవారు. అందులో కట్టెలు కొట్టించాలి, పంట పండించాలి, ఇళ్లు కట్టాలి, సైన్యాన్ని పోగు చేసి ఎదుటివాడి ఊరి మీదికి వెళ్లాలి. ఒకనాడు వెనక నుంచి అక్క గొంతు వినిపించి నేను ఉలిక్కిపడ్డాను.

“అరే భయ్యా, పహ్లే తిండి చూసుకో. ఖాళీ కడుపుతో నీ ఫౌజ్ ఏం చేస్తాది?”

ఆడుతున్న అబ్బాయి నవ్వి, “అయితే మీరే ఆడండి దీదీ” అని కుర్చీ ఇచ్చేశాడు. అలా కూర్చుంది అక్క. కూర్చున్న కాసేపటికే ఓడింది. మర్నాడు నన్నెవరూ తీసుకెళ్లక్కర్లేదన్నట్టు నాకంటే ముందే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

రోజూ ఆడేది, రోజూ ఓడేది. ఎలా గెలిచారురా అని అడిగితే పిల్లలు దాటేసేవారు. చెప్పేస్తే మేమెలా గెలుస్తాం దీదీ అనేవారు. వాళ్లను అని లాభం లేదు, వాళ్లకు తెలిసింది కూడా సెలవులకు సముద్రం దాటి మెయిన్‌ల్యాండ్ వెళ్లొచ్చిన అన్నల దగ్గర విన్నదే. ఇంటర్నెట్ అంటారా, ఒక్క పేజీ తెరుచుకునే లోపు టీ తాగి రావచ్చు. ఆ ఆట నేర్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటుందని తెలిసి, విశాఖపట్నంలోని మా మేనమామను బతిమాలితే, ఆయన ఊరంతా తిరిగి సంపాదించి, ఓడెక్కుతున్న తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపాడు. సాయంత్రం అక్క కూర తరుగుతుంటే నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. సగానికి రాగానే అక్క కత్తిపీట పక్కకు నెట్టేసింది.

“ఇది మిషన్‌ని గెలవడానికి రాశాడే. ఆ పిల్లలు మిషన్లా?”

నిజమే. కంప్యూటర్‌ని ఓడించడానికి తెర మీది ఏ బొమ్మ దేనికి పనికొస్తుందో అందులో ఉంది గాని, ఎదుట మనిషి కూర్చున్నప్పుడు వాడి మనసు ఎలా చదవాలో ఎక్కడా లేదు. ఆటకు కూడా గురువు కావాలని, ఆ గురువు మన భాషలో మాట్లాడాలని నాకు మొదటిసారి తోచింది అప్పుడే.

వానలు తగ్గాక సెంటర్ యజమాని ఊళ్లోని ఆటగాళ్లందరికీ పోటీ పెట్టాడు. అక్క పేరు ఇచ్చిందంటే నేను నమ్మలేదు. మొదటి రోజు గెలిచింది కూడా. రెండో రోజు ఆమెకు ఎదురుగా కూర్చున్నది తండ్రికి బదిలీ అయి కొత్తగా రాజమండ్రి నుంచి వచ్చిన కుర్రవాడు. అక్క ఇంకా కోట గోడ కడుతుండగానే అతని సైన్యం వచ్చి మీద పడింది. సరిగ్గా అప్పుడే నేల కదిలింది. కరెంటు పోయింది, అందరం మెట్లన్నీ దూకి బజారులో పడ్డాం. నా కళ్లు అక్క కోసం వెతికాయి. అక్క ఈసారి రోడ్డు వెంట పరుగెత్తలేదు, కింద మెట్ల దగ్గరే ఆగింది. అంతకుముందెన్నడూ భూకంపం ఎరగని ఆ కుర్రవాడు అక్కడి గోడను కరుచుకుని గజగజ వణికిపోతుంటే, అతని భుజం పట్టుకుని నిలబడింది.

“కుఛ్ నహీ బేటా, అయిపోద్ది. గోడ దగ్గర కాదు, ఇటు ఖుల్లాగా ఉన్న చోటికి రా. ఊపిరి తీసుకో.”

కరెంటు వచ్చేసరికి ఆట ఎలాగూ చెరిగిపోయింది. మళ్లీ మొదలుపెట్టండని యజమాని తొందర చేశాడు. అక్క చేత్తో ఆగమంది.

“ముందు నాకొకటి చెప్పు బాబూ. నా గోడ లేచేలోపే నీ ఫౌజ్ ఎలా వచ్చేసింది?”

అతను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“మీరు అన్నీ భద్రం చేసుకున్నాకే బయటికి వస్తున్నారాంటీ. అప్పటికి ఆట అయిపోతోంది. కొంచెం తక్కువున్నా ముందు బయల్దేరాలి, మిగతాది దారిలో చూసుకోవచ్చు.”

చేసి చూపించాడు, ఆమె చేత చేయించాడు. చుట్టూ మూగిన పిల్లలందరూ విన్నారు. తర్వాత ఆడిన ఆటలో అక్క ఓడింది, కానీ అతనికి చెమటలు పట్టించి ఓడింది. తెర మీద తన రాజ్యం కూలుతుంటే పకపకా నవ్వింది. కార్ నికోబార్ నుంచి వచ్చాక నేను విన్న మొదటి నవ్వు అది. ఆనాటి నుంచి ఆ మేడ మీద ఎవరూ ఏదీ దాచుకోలేదు. అడిగినవాళ్లకల్లా అక్క తనకొచ్చిన కలగాపులగం తెలుగు హిందీలో నేర్పేది. ఆడపిల్లలు కూడా రావడం మొదలుపెట్టారు.

ఆ పోటీ అయిన సాయంత్రం ఇంటికి నడుస్తూ, దారి సగంలో అక్క ఆగింది.

“మాయాబందర్ బస్సు పొద్దున్నే కదే బయల్దేరుద్ది?”

నేను తలూపాను.

ఆమె ఆ ఉద్యోగంలో చేరింది, అక్కడే ఇల్లు కట్టుకుంది, ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గరపడింది. మా మేడ మీది సెంటర్ బట్టల కొట్టయి చాలా కాలమైంది. నేర్చుకోవాలనుకున్నవాళ్లు ఈనాడు ఏ ఓడ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు, అడిగించుకోకుండానే సొంత భాషలో చెప్పేవాళ్లు కోకొల్లలు. అది మంచిదే, మాకు దొరకనిది వీళ్లకు దొరికిందని సంతోషిస్తాను. పక్కకు కుర్చీ లాక్కుని కూర్చునే మనిషి మాత్రం తక్కువైపోయాడేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ రాజమండ్రి కుర్రవాడి తండ్రికి మళ్లీ బదిలీ అయింది, అతను ఎక్కడున్నాడో మాకు తెలియదు. ఆ రోజు తాను ఒక ఆట గురించే చెప్పాననుకుని ఉంటాడు.