పప్పు ఉడకని నీళ్ళు

మా అత్తగారికి ఎండాకాలమంటే ఇష్టం. ఊరంతా ఉసూరుమంటుంటే ఆవిడొక్కరే హుషారుగా ఉండేవారు. జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య, హైవే నుంచి కాస్త లోపలికుంటుంది మా ఊరు. ఊళ్ళో చర్చి స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడే. ఎండలు ముదరగానే చర్చి బోరు నీళ్ళు ట్యాంకరులో నింపించి, ట్రాక్టరు ముందు గొడుగేసుకుని నడుస్తూ, సున్నపురాయి క్వారీ పక్కనున్న కూలీల కాలనీకి తోలించేవారు. కాలనీకున్న ఒక్క బోరూ ఎండాకాలం అడుగంటిపోయేది. అక్కడ వరుస తప్పి ఎవరైనా ముందుకొచ్చారా, అయిపోయారే! నేను నందిగామ బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చేసరికి ఎవరినెలా గదమాయించారో వైనవైనాలుగా చెప్పేవారు. సేవ సంగతి సరే, కాస్త దర్జా కూడా ఉన్నట్టుందే అని నేనంటే మూతి ముడిచేవారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద లేచి నిలబడ్డారు. ఆయనే మా వార్డు మెంబరు కూడా. ముఖం వెలిగిపోతోంది.

"పంచాయతీ బడ్జెట్టు మాటల్లో సర్పంచిగారు మన సంఘాన్ని తెగ పొగిడారండి. కాలనీకి మనం నీళ్ళు తోలతన్నాం గదా, ఇంక అక్కడికి ఏస్తామన్న మంచినీళ్ళ పైపులైను ఈ ఏడు అక్కర్లేదన్నారు. ఆ డబ్బులతో ఊరి మొగదల ఆర్చి కడతన్నారు. గ్రామసభలో ఒప్పేసుకోటమే తరువాయి."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా అత్తగారే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి పొగడ్తకు కూడా చప్పట్లేమిటి? అంతలో ఆవిడ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలపకుండా అడిగారు.

"అయితే, అమ్మాయ్, మనం పోసిన నీళ్ళేనా వాళ్ళ కుళాయికి అడ్డం పడింది?"

అవునన్నాను. ఇంకోలా చెప్పడం నాకు రాదు. ఆవిడ అన్నం కంచం పక్కకు జరిపేశారు. మా ఇంట్లో అది వింతే.

ఆ సాయంత్రమే పాస్టరుగారి దగ్గరికి బయల్దేరారు, తోడు నేను. ఈ సంగతి సంఘం ముందు పెడతానని ఆవిడంటే, పంచాయతీ గొడవలు మందిరంలోకి ఎందుకమ్మా అని ఆయన మెల్లగా నసిగారు.

"కానుకలు పేదలకు చేరినియ్యా లేదా అని మీరే గదండీ మమ్మల్ని అడిగేది? పన్నుల డబ్బు కూడా మన చేతిమీద పోయేదే. అదెటు పోతందో అడక్కపోతే ఎట్టా అయ్యగారూ? ఆర్చి కింద నించుంటే దాహం తీరుద్దా?"

పాస్టరుగారు నవ్వేసి, సరే మీ ఇష్టం అన్నారు.

ఆ తర్వాతి ఆదివారం కోతపండుగ. ఆ రోజు మా వాళ్ళంతా పొలంలో, పెరట్లో పండినవి తెచ్చి దేవుడి ముందు పెడతారు. సొరకాయలు, మిరపకాయలు, కోడిపుంజులు, పొట్లకాయలు. ఆరాధన అయ్యాక వేలం. ఎవరు ఏది పాడుకుంటే వాళ్ళ ఇంట్లో ఆ పూట దానితోనే వంట. మొదటి పాట ఎప్పుడూ సంఘపెద్దగారిదే. మర్యాద కొద్దీ ఎవరూ పోటీకి రారు, ఆయనా వస్తువేమిటో చూడరు. పక్కవాళ్ళతో కబుర్లాడుతూనే చెయ్యెత్తేస్తారు.

ఆ రోజూ ఎత్తేశారు. తీరా చూస్తే బల్ల మీద ఉన్నది మూత పెట్టిన స్టీలు బిందె. కాలనీ బోరు నుంచి మా అత్తగారు పట్టించుకొచ్చిన నీళ్ళు.

"ఇదేంటక్కయ్యా?"

"నీళ్ళే తమ్ముడూ. పాడుకున్నావుగా, ఇయ్యాళ వంట దీంతోనే."

జనం పడీ పడీ నవ్వారు. ఆయన చిన్నబుచ్చుకున్నారు గానీ ఆనవాయితీ తప్పే మనిషి కాదు, బిందె భుజానికెత్తుకున్నారు.

గ్రామసభలో ఆర్చి మాట రాగానే లేచింది ఆయనే. నేను వెనక నిలబడి విన్నాను.

"ఆ సున్నపు నీళ్ళతో మా ఇంట్లో పప్పు ఉడకలేదండి. మా ఆవిడ పొద్దుగూకిందాకా పొయ్యి మీదే ఉంచింది. పలుకులు పలుకులుగానే తిన్నా. వాళ్ళు రోజూ అదే తింటన్నారు. ట్యాంకరు వచ్చేది ఎండాకాలంలోనే గదండీ. మేం నీళ్ళు తోలతన్నామని మీరు పైపు ఆపితే, మేం చేసేది ఉపకారం కాదు, అపకారం."

సర్పంచిగారు తల గోక్కున్నారు. కాలనీ ఆడవాళ్ళు ఒక్కసారిగా అందుకున్నారు, ఆ గోలకు షామియానా లేచిపోతుందేమో అనిపించింది. పైపులైను బడ్జెట్టులోకొచ్చింది. ఆర్చి ఇప్పటికీ లేదు, బస్సువాళ్ళు మాత్రం మా ఊరు దగ్గర ఆపుతూనే ఉన్నారు.

కుళాయి తిప్పే రోజు అత్తగారితో నేనూ వెళ్ళాను. పాత అలవాటు కొద్దీ గొడుగేసుకుని, వరుసలో నిలబడండి అని కేకేయబోయారు. అక్కడ వరుసే లేదు. గుమ్మం గుమ్మానికీ కుళాయి ఉంది. ఎటు చూడాలో తెలియక ఆవిడ వీధి మధ్యలో అలా నిలబడిపోయారు. పాపం అనిపించింది నాకు.

ఇదివరకు ఎన్నోసార్లు ఆవిడ చేత చీవాట్లు తిన్న ఒకావిడ గ్లాసు నింపుకుని ఎదురొచ్చింది.

"ఇన్నాళ్ళూ మీ నీళ్ళు తాగాం మామ్మగారూ. ఇయ్యాళ మా ఇంటి నీళ్ళు మీరు తాగండి."

అత్తగారు గొడుగు నా చేతికిచ్చి, రెండు చేతులతో గ్లాసు అందుకున్నారు. గటగటా తాగేసి ఖాళీ గ్లాసు ముందుకు చాపారు.

"ఇంకాసిని పొయ్యమ్మా."