కార్డు నాలుగు మూలలు

భార్య పోయాక ఆదివారం గడవడం నాకు గండమైపోయింది. మిగతా రోజులు ఎలాగో ఆఫీసు మింగేస్తుంది. కౌలాలంపూర్‌లో మా ఫ్లాటు దగ్గరి మాల్‌లో పాత కార్డులు అమ్మే కొట్టు ఒకటుంది. మొదట ఏసీ కోసం అందులో దూరాను, తర్వాత మనుషుల కోసం వెళ్లాను. కొట్టాయన చైనీస్, నాకంటే పదేళ్లు చిన్న. ఆయన చుట్టూ నలుగురైదుగురు చేరి అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మ కార్డులను భూతద్దం పెట్టి చూస్తుంటారు. వాళ్లలో ఒక్కడూ ఆ ఆట ఆడి ఎరగడు. ఎవరి పిచ్చి వారికానందం.

వినగా వినగా సంగతి బోధపడింది. అవి ఒకప్పుడు బబుల్‌గమ్‌తో పాటు వచ్చిన పిల్లల వస్తువులు. పిల్లలు నలిపేశారు, టపటప చప్పుడు కోసం సైకిలు చక్రాల్లో దోపుకున్నారు. ఇల్లు సర్దే తల్లులు మిగిలినవి పారేశారు. అందుకే ఇప్పుడు దొరకవు. దొరికిన వాటిలో మూలలు చెదరనివి మరీ తక్కువ. అలాంటివి అమెరికా పంపితే అక్కడ పరీక్షించి, పదికి ఇన్ని అని మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో మూసి తిప్పి పంపుతారు. బొమ్మ ఒకటే. నాలుగు మార్కులొస్తే మంచి వాచీ ధర, ఎనిమిదొస్తే కారు ధర.

ఓ రోజు గొప్పకు పోయి, నా దగ్గరా ఒకటుందన్నాను. నిజంగానే ఉంది. ఇపో ఊరి దగ్గర రబ్బరు ఎస్టేటులో నాన్న గుమస్తాగా ఉన్నప్పుడు, ఫ్యాక్టరీలో యంత్రం బిగించడానికొచ్చిన అమెరికా ఇంజినీరు తన చిన్ననాటి కార్డు ఒకటి నా చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని తన చీరల పెట్టె అడుగున దాచింది. అమ్మ పోయాక, పెద్దవాణ్ణి కదా అని ఆ పెట్టె నేనే తెచ్చుకున్నాను. చీరలు పాతబడ్డాయని పారేసి కార్డు ఉంచుకున్నాను.

మరుసటి వారం కార్డు బయట పెట్టగానే అందరూ నా చుట్టూ మూగారు. కొట్టాయన తన కుర్చీ నాకిచ్చి కాఫీ తెప్పించాడు. మూలలు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. వాటి మీద లేత మరకలే లేకపోతే ఎనిమిదికి తగ్గదని, అయినా తుడవొద్దని, ఉన్నదున్నట్టే పంపుదామని చెప్పాడు. నాకు డబ్బు మీద కంటే ఆ కుర్చీ మీదే ఆశ. మార్కు తక్కువొస్తే మళ్లీ నన్నెవరు పలకరిస్తారు?

ఇంటికొచ్చి సబ్బు నీళ్లలో దూది ముంచి నాలుగు మూలలూ అద్దాను. మరకలు పోలేదు సరికదా, పారాణి పెట్టినట్టు ఎర్రబడ్డాయి.

అది పసుపు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని మా ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. శుభలేఖైనా, నోటుబుక్కైనా, కొత్త కాగితం ఏదొచ్చినా నాలుగు మూలలకూ పసుపు రాయనిదే అమ్మ ఇంట్లో పెట్టనిచ్చేది కాదు. నా కార్డుకూ రాసింది. అమ్మ వేలి గుర్తుల మీద సబ్బు రుద్దింది నేనే. ఈ వయసులో కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఓదార్చేవాళ్లు లేరు కాబట్టి నా అంతట నేనే ఆపుకున్నాను.

కొట్టుకు వెళ్లే మొహం లేదు. వెళ్లినా పసుపు అంటే వాళ్లకేం చెప్పను? జార్జ్ టౌన్‌లో ఉన్న చెల్లికి ఫోను చేశాను. దీపావళికి తప్ప మేం మాట్లాడుకోం. జరిగిందంతా చెప్పి, ఇక దానికి ధర రాదన్నాను.

“అమ్మది నా కాడ ఏటీ నేదు అన్నయ్యా. సీర ముక్క కూడా నేదు. ఇది నీ కాడ ఉన్నాదని నాకెందుకు సెప్పనేదు?”

ఎర్రగా ఉన్నా పర్వాలేదు, తనకిచ్చెయ్యమంది. కొట్లో అంతమందికి చూపించి మురిసిపోయాను గానీ, చెల్లికి చూపించాలని ఒక్కనాడూ తోచలేదు. తప్పయిపోయిందన్నాను. రేపే బస్సెక్కి తెచ్చిస్తానని, రెండ్రోజులుండి వెళతానని కూడా అన్నాను.

“నువ్వు రానక్కర్నేదు అన్నయ్యా,” అంది. “పోస్టులో పంపించీ.”