పైనక్కకు ఒక కార్డా, రెండు కార్డులా?

ఓడరేవులో ఆమెను అందరూ పైనక్క అనేవాళ్లు. ఇరవై ఆరేళ్ల పాటు ఆమె పని నేల మీద కాదు, పది అంతస్తుల ఎత్తున ఉన్న క్రేన్ క్యాబిన్‌లో. కాళ్ల మధ్యనున్న గాజు పలకలోంచి కిందికి చూస్తూ, ఓడలోంచి కంటైనర్లు ఎత్తి లారీల మీద దించేది. కిందివాళ్లు వైర్‌లెస్‌లో "పైనక్కా, కాస్త ఎడమకి" అనడం పూర్తయ్యేలోపే పెట్టె ఎడమకి జరిగి ఉండేది. ఆమె తటపటాయించగా చూసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

మోకాళ్లు అరిగాయి, ఇక నిచ్చెనలు ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు. ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఆర్నెల్లు కాగితాల మీద ముద్రలు కొట్టింది. "అంత ఎత్తున కూర్చున్నా ఏమీ కాలేదు గానీ, ఈ కుర్చీలో కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయి" అని చెప్పి ఉద్యోగం మానేసి వచ్చేసింది.

ఇంటి ముందు గదిలో ఆమె భర్తకు కళ్లజోళ్ల షాపు ఉంది. అక్కడ కూర్చుంటే వచ్చినవాళ్లను ఊరికే చూస్తూ ఉండాల్సి వచ్చేది. ఒక ఆదివారం మేనకోడలు వచ్చింది. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం ఆ పిల్లది. తన ల్యాప్‌టాప్ తెరిచి, "అత్తా, ఇదో ఆట. ఓడరేవు, క్రేన్, అన్నీ ఉన్నాయి" అని చూపించింది.

పైనక్క పది నిమిషాలు ఆడి చేతులు తీసేసింది.

"బాగానే ఉందే. కానీ కాళ్ల కింద ఏదీ?"

అక్కడ మొదలైంది అంతా. ఎదురుగా ఒక స్క్రీన్, పక్కన ఒకటి, కాళ్ల దగ్గర ఏటవాలుగా ఇంకొకటి ఉండాలంది. భర్త కొలతలు తీసుకుని మూడోదానికి చెక్క స్టాండు కూడా చేసిపెట్టాడు. ఇక కంప్యూటరే తయారుకావాలి.

బట్టలుతికే షాపు పై అంతస్తులో ఒక కంప్యూటర్ షాపాయన ఉన్నాడు. బల్లల నిండా విప్పేసిన పెట్టెలు, వాటి మధ్యలో ఆయన. మూడు స్క్రీన్ల మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"తెర మీద బొమ్మలన్నీ గీసేది గ్రాఫిక్స్ కార్డే, ఒక్క కార్డు ఏం లాగుతుందక్కా? ఒకేలాంటివి రెండు పెట్టి, మధ్యలో రెంటినీ కలిపే ఈ వంతెన తగిలిద్దాం. పని చెరిసగం పంచుకుంటాయి. ఒక్కోదాంట్లో ఎనిమిది జీబీ మెమరీ, మొత్తం పదహారు."

ఇంటికొచ్చి మేనకోడలికి ఫోన్ చేస్తే, "రెండొద్దత్తా, పెద్దది ఒకటి తీసుకో. ఎనిమిదీ ఎనిమిదీ ఎనిమిదే" అంది.

"అదేం లెక్కే! బడికెళ్లే చదువుకున్నావా?"

"ఒకే పుస్తకం రెండు కొంటే కథలు రెండవుతాయా అత్తా? రెండు కార్డుల్లోనూ అవే బొమ్మలుంటాయి."

ఆ ముక్క అర్థమైంది. ఆ తర్వాతవి ఏవీ అర్థం కాలేదు. ఇంటర్నెట్‌లో చదవడం మొదలుపెట్టింది. రెండు పెడితే వేగం దాదాపు రెట్టింపని ఒకడు రాశాడు. చాలా ఆటలు రెండోదాన్ని పట్టించుకోనే పట్టించుకోవని ఇంకొకడు. రెండు పెడితే గది కుంపటైపోతుందని ఒకడంటే, ఫ్యాన్లు సరిగ్గా పెడితే ఏమీ కాదని అతని రాత కిందే మరొకడు తిట్టాడు. ఆమె నోటుపుస్తకంలో అన్నీ రాసుకుంది. చివరికి తను రాసుకున్నవే ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టు కనిపించాయి.

"రెండు కళ్లకి రెండు అద్దాలు పెట్టట్లా? రెండే నయం" అన్నాడు భర్త, ఫ్రేము స్క్రూ బిగిస్తూ.

"రెండు కళ్లూ ఒకే బుర్రకి చెప్తాయి. ఇక్కడ బుర్ర ఎవరిదో నాకు అర్థమై చావట్లేదు. నువ్వు ఊరుకో."

రెండో వారం ఆమె ఏ స్క్రీన్ వంకా చూడకుండా వంటగదిలో గిన్నెలు సర్దుతుంటే, ఎప్పటిదో పని ఒకటి గుర్తొచ్చింది. ఒక క్రేన్ మోయలేని పెద్ద యంత్రాన్ని రెండు క్రేన్లతో ఎత్తారు. అవతలి క్రేన్‌లో మంచి పనివాడే. అయినా అతను ఒక్క లిప్త ఆలస్యమయ్యేసరికి యంత్రం ఇటువైపు ఒరిగింది. బలం రెట్టింపయింది నిజమే. కానీ ఆ రోజంతా ఒకరికోసం ఒకరు ఆగడంతోనే సరిపోయింది.

మర్నాడు పొద్దున్నే షాపుకి వెళ్లి, "రెండూ పెట్టి చూపించండి, నేను ఆడి చూస్తా" అంది.

షాపాయన సంతోషంగా బిగించాడు. సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చూపించే అంకె స్క్రీన్ మూలన తొంభై దాటింది. ఆమె క్రేన్‌ని పక్కకి తిప్పింది. కంటైనర్ వెళ్తోంది, కానీ నడక తడబడుతోంది. గులకరాళ్ల మీద బండి పోతున్నట్టు సన్నగా అదురు.

"చూశారా?" అందామె.

"చూశానక్కా, తొంభై మూడు!"

"అంకె కాదండీ, పెట్టె. అదురుతోంది."

ఆయన కళ్లు చికిలించి చూశాడు. ఆయనకు ఏ అదురూ కనపడలేదు. ఆమె అడగ్గా రెండూ తీసేసి పెద్ద కార్డు ఒక్కటి పెట్టాడు. అంకె డెబ్బైకి పడింది. పెట్టె మాత్రం నూనె రాసినట్టు జారింది.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చిపడింది. అంకె ఒకటి చెబుతోంది, కన్ను ఇంకొకటి చెబుతోంది. యాభై నాలుగేళ్ల కన్ను, అదీ కళ్లజోడు వెనక ఉన్న కన్ను. మూడుసార్లు మార్పించి మార్పించి ఆడింది. ప్రతిసారీ అదే తేడా. అయినా ధైర్యం చాలక బల్ల ముందు చాలాసేపు నిలబడిపోయింది.

"ఒక్కటే ఇవ్వండి" అంది చివరికి. అన్నాక కూడా మెట్ల మీద రెండుసార్లు ఆగి వెనక్కి చూసింది.

ఇంట్లో అన్నీ తగిలించాక కాళ్ల దగ్గరి స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. కార్డు ఒక్కటే కావడం వల్లనేనని ఆ పూటంతా కుమిలిపోయింది. మేనకోడలు వచ్చి చూస్తే కేబుల్ సరిగ్గా దిగలేదు. గట్టిగా నొక్కితే టక్కుమంది, వెలిగింది.

పైనక్క కుర్చీలో కూర్చుని కిందికి చూసింది. ఎక్కడో అడుగున ఓడ, దాని కడుపులో వరసలుగా పెట్టెలు. తెలియకుండానే కాళ్లు కాస్త ఎడంగా జరుపుకుంది. ఒక కంటైనర్ ఎత్తి, ఊగకుండా ఆపి, లారీ మీద దించింది. మేనకోడలు ఏదో అడిగితే వినిపించుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత షాపాయన ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ రెండు కార్డులకీ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ అదురు తగ్గిందంటున్నారు. నాకు ముందూ కనపడలేదు, ఇప్పుడూ కనపడట్లేదు. మీరోసారి వచ్చి చూసి చెబుతారా?"

ఆమె ఫోన్ చేత్తో మూసి భర్త వంక చూసింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"రేపు పొద్దున వస్తానండీ" అంది పైనక్క.