ఎక్స్‌రే సదువుకు అడ్డమొచ్చిన మచ్చ

మా ఇంటాయన బొగ్గుబాయి ఇడిచిపెట్టాలంటే నాకు కొలువు రావాలె. మా ఇంట్ల గంతకన్న వేరే తొవ్వ లేకుండె. బెల్లంపల్లి అవుతల బొగ్గుబాయిల ఊరు మాది. ఆయన కింద బొగ్గు కొట్టెటోడు. పొద్దున లేస్తె ఇంటెనుక నిలవడి దగ్గి దగ్గి నల్లగ ఉమ్మేటోడు. "గీ దగ్గు ఎవలికి లేదే?" అని నన్నే కసురుకునేటోడు.

నేను మెట్రిక్ దాకా సదువుకున్న, అదీ కరీంనగర్ల మా బాపు పంతంకొద్ది. చిన్న తరగతులు ఉర్దూల, పెద్దయి తెలుగుల. రెండిట్ల ఏదీ పూరాగ రాలే. మా ఊరి దవఖానకు ఎక్స్‌రే మిషిను తెస్తున్నరని, ఆడోళ్లకు ఫిలిం తీసేటందుకు ఆడమనిషే కావాలని తెలిసింది. హైదరాబాదుల పెద్ద దవఖానల ఏడాది ట్రైనింగు చేసొస్తె కొలువు నాదే. సీటు కూడ దొరికింది. "నేను కొలువుల చేరిన్నాడు నువ్వు బాయి దిగుడు బంద్" అని ఆయనతోని ఒట్టేయించుకున్న.

ఇగ మిగిలింది నా ఛాతి ఫిలిం. ట్రైనింగుకు పోయేటోళ్లకు ఊపిరితిత్తులు బాగున్నయని డాక్టరు రాసియ్యాలె. ఫిలిం తీసేటప్పుడు పుస్తెలు తీసెయ్యాలంటరని మా అత్త ఎవలి దగ్గరనో ఇన్నది. ఇంక చూడాలె ఆమె పరేషాన్. "కొడుకు బాయిల ఉన్నప్పుడు కోడలి మెడ బోసిగ ఉంటదా?" అన్నది. పుస్తెలు తీసి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి, నా మెడల ఏసి రైక లోపటికి తోసింది. జిల్లాల ఒక దవఖానకు పోయినం. ఫిలిం తీసెటాయన సిగ్గుపడి తల పక్కకు తిప్పుకొని, "బంగారం, వెండి, ఇనుము ఏమన్న ఉన్నదా?" అని అడిగిండు. లేదన్న. ఉన్నమాటే చెప్పిన గద.

ఊపిరితిత్తి మీద మచ్చ ఉన్నదని రాసిచ్చిండ్రు. టీబీ అన్నరు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టాయె. ఆ ఏటి సీటు ఇంకొకలకు పోయింది. నాకు సూదులు షురూ చేసిండ్రు. పొడిచిన కాడల్ల గడ్డలు కట్టి కూసుండరాకపోయేది. నేను నీళ్లు పట్టుకొని జరుగంగనే వాడకట్టోళ్లు నల్లా కడుక్కునేటోళ్లు. ఆయన మాత్రం ఒక్క దినం నాగా పెట్టకుంట బాయికి పోయిండు.

సూదులైనంక మళ్ల ఫిలిం తీసిండ్రు. మా అత్త మళ్ల కొమ్ము కట్టింది. ఈసారి డాక్టరు పాత ఫిలిం, కొత్త ఫిలిం రెండూ కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "ఎడమ దిక్కు మచ్చ కుడి దిక్కుకు ఎట్ల పోయిందమ్మా?" అన్నడు. నేను తొంగి చూసిన. పసుపుకొమ్ము, దాని కణుపులు సుత సాఫ్ కనవడుతున్నయి. నవ్వొచ్చింది, ఎనుకనే ఏడుపొచ్చింది. రైకల నుంచి తాడు బయటికి గుంజి డాక్టరుకు చూపెట్టిన.

అత్త మీద మస్తు కోపమొచ్చింది. ఏమని తిడ్త? కొడుకు పాణం కోసం కట్టింది.

ఊపిరితిత్తులు బాగున్నయని డాక్టరు రాసిచ్చిండు, తర్వాతి ఏడు మళ్ల సీటు దొరికి హైదరాబాదుకు పోయిన. పుస్తకమంత ఇంగ్లీషు. ఒక్కొక్క ఎముక పేరు ఉర్దూ అక్షరాలల్ల రాసుకొని బట్టీ పట్టిన. పొద్దంత చీకటి గదిల ఫిలింలను మందునీళ్లల్ల ముంచుడు, కడుగుడు, ఆరేసుడు. చేతుల తోలు ఊడేది. పెద్దోళ్లను ఎట్ల నిలవెట్టాలె, పసిపిల్లను ఎట్ల పట్టుకోవాలె, ఊపిరి ఎప్పుడు బిగవట్టమనాలె, అన్నీ నేర్పిండ్రు. అలిసిపోయి కూసున్నకాడ్నే కునుకు తీసేదాన్ని. ఎట్లనో పాసైన.

వచ్చి కొలువుల చేరిన. ఆయన మాట నిలవెట్టుకున్నడు, బాయి ఇడిచిండు. దగ్గు ఆయనను ఇడువలే. నేనే తోలుకపోయి మిషిను ముంగట నిలవెట్టిన. "ఊపిరి పీల్చు, బిగవట్టు" అన్న. పట్టలేకపోయిండు. జర ఆగి మళ్ల అన్న. మళ్ల దగ్గిండు. ఆఖరుకు ఎట్లనో ఒకటి తీసిన. చీకటి గదిల ఎర్ర లైటు బుగ్గ కింద తడి ఫిలిం పట్టుకొని చూసిన. రెండు దిక్కుల, పైనుంచి కిందిదాక మచ్చలే.

డాక్టరు ఫిలింను కిటికీ వెలుతురుకు పట్టి చూసిండు. "ఒక్క ఏడాది ముందు బాయి ఇడిస్తె బాగుండు" అన్నడు.

బయట బెంచీ మీద ఆయన, పక్కన మా అత్త కూసున్నరు. నన్ను చూడంగనే ఆమె లేచి, "ఏమన్నడు బిడ్డా డాక్టరు?" అని అడిగింది.

"మందులు రాసిండత్తా, పోదాం పా" అన్న.