పెద్దమ్మ రాయించిన పేరు

యానాంలో ఫ్రెంచివాళ్లు ఉన్న రోజుల్లో మా తాత, ఆయన తండ్రి పురపాలక సంఘానికి పెద్దలు. ముందు ఆ కుర్చీ పోయింది, తర్వాత పొలాలు, చివరికి ఇల్లు. నేను షార్జాలో, అల్ నహ్దాలో అద్దె ఫ్లాట్‌లో ఉంటూ ఒక రవాణా కంపెనీలో అకౌంట్లు చూస్తున్నాను. ఎవరినైనా బతిమాలడం మా ఇంటా వంటా లేదు. కరోనా తగ్గాక ఊళ్లో మున్సిపల్ ఎన్నికలు పెడతారని కబురు వచ్చినప్పుడు కూడా, ఎవరి సలహా అడక్కుండానే మా వార్డుకు నిలబడుతున్నానని ఊరికి తెలియజేశాను.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, ఊరి నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. అమ్మ వైపువాళ్లు ఫ్రెంచి సైన్యంలో చేసినవాళ్లు. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయేటప్పుడు ఆ దేశపు పౌరసత్వమే కోరుకున్నారు. పెద్దమ్మ ఏనాడూ ఫ్రాన్స్ చూడలేదు, తెలుగు తప్ప మరో ముక్క రాదు, పాస్‌పోర్ట్ మాత్రం ఫ్రెంచిది. ఆ ఇళ్లల్లో బిడ్డ పుడితే బారసాల కన్నా ముందు పుదుచ్చేరి వెళ్లి ఫ్రెంచి కార్యాలయంలో పేరు రాయించడం ఆనవాయితీ. అది అమ్మ తరంతోనే ఆగిందనుకున్నాను.

భోజనాల దగ్గర నా భార్య ఎన్నికల మాట ఎత్తింది.

"మీ నాన్నవాళ్ల కుర్చీ కోసం నిలబడు, కాదన్ను," అంది పెద్దమ్మ పులుసు కలుపుకుంటూ. "కానీ నువ్వు మావాడివి కూడా రా అబ్బాయ్. నువ్వు పుట్టగానే పేరు రాయించింది నేనే. మీ నాన్న మూతి ముడుచుకున్నాడు. నేను లెక్కచేస్తానా?"

"రాయించడమంటే?"

"అంటే ఏవిటి? నువ్వు పుట్టుకతోనే ఫ్రెంచోడివి."

కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాను. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. పరాయి దేశపు పౌరుడు మన దగ్గర వార్డు మెంబరుగా కూడా నిలబడలేడు.

"ఈ సంగతి ఎవరితోనూ అనకు పెద్దమ్మా."

"అనేశాను. నీ మీద పోటీ చేసేవాడు నేను బయల్దేరే ముందు ఇంటికొచ్చి, 'మీవాడు దుబాయ్‌లో గుమాస్తాయేగా' అని వెటకారం ఆడాడు. గుమాస్తా ఏవిట్రా, మావాడు పుట్టుకతో ఫ్రెంచోడు అని గడ్డి పెట్టాను."

నా భార్య నా వైపు చూసింది. నేను కంచం వైపు చూశాను.

మర్నాడు ఆఫీసు మెట్ల మీద నిలబడి పుదుచ్చేరి వకీలుకి ఫోన్ చేశాను. "ఆ పౌరసత్వం మీరు కోరి తెచ్చుకున్నది కాదని వాదించొచ్చు," అన్నాడు. "కానీ ఎవరైనా ఫిర్యాదు మొదలుపెడితే, అది నామినేషన్ దగ్గరే ఆగుతుందని మాటివ్వలేను."

ఆగకపోతే? నా ఇండియన్ పాస్‌పోర్ట్ పోతుంది. దాని మీదే వీసా, వీసా మీదే ఉద్యోగం, ఫ్లాట్, అమ్మాయి బడి. ఆ వారం మా ముదీర్, అంటే మేనేజరు, మామూలుగా అందరి పాస్‌పోర్ట్ కాపీలు అడిగితే, ఎందుకని మూడుసార్లు అడిగాను. "జ్వరమా?" అన్నాడాయన.

పెద్దమ్మను విమానం ఎక్కించి వచ్చిన సాయంత్రం ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పోటీదారుడే. వాళ్ల నాన్న మా ధాన్యం కొట్లో కాటా వేసేవాడు.

"బాబుగారూ, బాగున్నారా? అమ్మాయి బాగా చదువుతోందా? నామినేషన్ తప్పకుండా వెయ్యండి. పరిశీలన రోజు నేనూ వస్తాను."

గొంతులో ఎక్కడా కోపం లేదు. 

"నేను నిలబడ్డం లేదు," అన్నాను.

"అయ్యో. మీ ఇష్టం."

అక్కడితో ఫోన్ పెట్టేయాలి. పెట్టలేకపోయాను. "పెద్దమ్మ చెప్పిన సంగతి మీ దగ్గరే ఉంచండి. మిమ్మల్ని అడుగుతున్నాను."

 అవతల పక్కన ఎవరో నవ్వినట్టు అనిపించింది.

"అడిగారుగా. చూద్దాం, బాబుగారూ."

ఆ ఎన్నికలు వాయిదా పడ్డాయి. ఆయన మాత్రం ప్రతి పండక్కీ శుభాకాంక్షలు పంపుతూనే ఉన్నాడు. ఆఫీసులో ఉన్నా, కారు నడుపుతున్నా, పక్కకు ఆపి వెంటనే జవాబిస్తాను. చివర 'గారు' మర్చిపోను.